వేరులో పుట్టి ఆకుకు ఎక్కే ఘాటు: మొక్కల్లో ఆల్కలాయిడ్ల రాకపోకల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి, కందుకూరు, డి.సి.పల్లి, కలిగిరి చుట్టుపక్కల వర్జీనియా పొగాకు వేసే రైతులకూ, వృక్షశాస్త్రం చదివే డిగ్రీ పిల్లలకూ పనికొచ్చేలా ఈ పేజీ తయారైంది. ఎక్కువ భాగం పొగాకు గురించే ఉంటుంది. ఈ ప్రాంతపు పంట కావడం ఒక కారణం. ఆల్కలాయిడ్ల (మొక్కలు తయారుచేసుకునే, నత్రజని ఉండే ఘాటు, చేదు పదార్థాలు; పొగాకులోని నికోటిన్ వాటిలో ఒకటి) రవాణా మీద జరిగిన పరిశోధనలో సింహభాగం ఈ మొక్క మీదే జరగడం ఇంకో కారణం.

పొగాకులో నికోటిన్ ఆకులోనే తయారవుతుంది కదా?

కాదు, వేరులో తయారవుతుంది. ఆకు దాన్ని దాచుకుంటుంది, అంతే.

ఇది 1940ల్లోనే తేలింది. అమెరికా శాస్త్రవేత్త రే డాసన్ పొగాకు వేరు మీద టమాటా కొమ్మనూ, టమాటా వేరు మీద పొగాకు కొమ్మనూ అంటుకట్టి చూశాడు. పొగాకు వేరు మీద పెరిగిన టమాటా ఆకుల్లో నికోటిన్ వచ్చింది. టమాటా వేరు మీద పెరిగిన పొగాకు కొమ్మ చూపుకు మామూలు పొగాకులాగే ఏపుగా పెరిగింది, కానీ కొత్త ఆకుల్లో నికోటిన్ దాదాపు లేదు. ఆకు ఎంత పెద్దదైనా, ఎంత పచ్చగా ఉన్నా, వేరు పంపకపోతే ఘాటు లేదన్నమాట. విత్తనంలోనూ నికోటిన్ లేనట్టే. మొలకెత్తి వేరు దిగాకే మొదలవుతుంది.

వేరులో ఏ భాగంలో, దేనితో తయారవుతుంది?

ఎక్కువగా వేరు కొనల దగ్గర పెరుగుతున్న భాగంలో, వల్కలం (వేరు బయటి వైపు పొరలు) కణాల్లో. ముదిరిన లావు వేళ్ల వాటా తక్కువ. కాబట్టి నికోటిన్ లెక్కలో వేరు బరువు కంటే కొత్త పిల్లవేళ్లు ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం. కింద చెప్పబోయే తల తుంచడం (కొన మొగ్గను తీసేయడం), నీటి ముంపు, నత్రజని సంగతులన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి.

నికోటిన్ అణువులో రెండు వలయాలుంటాయి. ఒకటి ఆర్నిథిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల నుంచి పుట్రెసిన్ మీదుగా వస్తుంది. పుట్రెసిన్‌కు మిథైల్ గుంపును తగిలించే ఎంజైము పేరు పీఎంటీ. మామూలు జీవక్రియలో తిరిగే పుట్రెసిన్‌ను నికోటిన్ దారి పట్టించేది ఇదే. రెండో వలయం ఆస్పార్టిక్ ఆమ్లం నుంచి నికోటినిక్ ఆమ్లం మీదుగా వస్తుంది. రెంటినీ కలిపే చివరి మెట్లలో ఏ622, బీబీఎల్ అనే ఎంజైములు పనిచేస్తాయి. నికోటిన్ బరువులో 17.3 శాతం నత్రజనే. ఈ అంకె గుర్తుంచుకోండి, ఎరువుల ప్రశ్న దగ్గర పనికొస్తుంది.

వేరు నుంచి ఆకు దాకా ఎలా వెళ్తుంది? నీళ్లతో పాటు కొట్టుకుపోతుందా?

కాండంలో ప్రయాణం వరకు అవును. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే దారువు గొట్టాల్లో నీటి స్తంభం పైకి లాగబడుతుంది, అందులో కరిగిన నికోటిన్ కూడా దాంతోపాటు ఎక్కుతుంది. దీనికి మొక్క విడిగా శక్తి ఖర్చు పెట్టదు. అసలు కష్టమంతా రెండు చివర్లలో ఉంది: వేరు కణంలోంచి దారువులోకి చేర్చడం, దారువులోంచి ఆకు కణంలోకి దించి అక్కడ బంధించడం.

బంధించడం ఎలాగో అర్థం కావాలంటే పీహెచ్ లెక్క చూడాలి. నికోటిన్ క్షార గుణం ఉన్న పదార్థం. దాని పీకేఏ విలువ, అంటే సగం అణువులు హైడ్రోజన్ అయానును తగిలించుకుని ఉండే పీహెచ్, సుమారు 8. కణద్రవ్యం పీహెచ్ 7.2 అనుకుంటే అందులోని నికోటిన్‌లో 14 శాతం దాకా విద్యుదావేశం లేకుండా ఉంటుంది. ఆ రూపం పొరల గుండా దానంతటదే జారిపోగలదు. రిక్తిక (కణం లోపల సరుకు దాచే నీటి సంచి) లోపల పీహెచ్ 5 ప్రాంతంలో ఉంటుంది. అక్కడ ఆవేశం లేని రూపం వెయ్యిలో ఒక వంతే. మిగతాదంతా హైడ్రోజన్ అయానును తగిలించుకుని ధనావేశంతో ఉంటుంది, పొర దాటలేదు. లోపలికి పోవడం సులువు, బయటికి రావడం కష్టం. చేపల మావులాంటి ఏర్పాటు ఇది.

దీని ఒక్కదాని మీదే మొక్క ఆధారపడదు. రిక్తిక పొర మీద వాహక ప్రోటీన్లుంటాయి. ఇవి ఒక హైడ్రోజన్ అయానును బయటికి వదిలి, బదులుగా నికోటిన్‌ను లోపలికి తీసుకుంటాయి. ఆకు కణాల్లో ఆ పని చేసే జాట్1నూ, వేరు కణాల రిక్తికల మీద ఉండే మేట్1, మేట్2లనూ 2009లో గుర్తించారు. 2011లో నప్1 బయటపడింది. అది కణం బయటి పొర మీద, ముఖ్యంగా వేరు కొనల్లో ఉండి, కణాల మధ్య ఖాళీల్లోకి జారిన నికోటిన్‌ను తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే నప్1ను తగ్గించిన మొక్కల్లో మొత్తం నికోటినే తగ్గింది. అంటే వాహకాలు సరుకు మోసి ఊరుకోవు. తయారీ ఎంత జరగాలన్న దాంట్లోనూ వాటి చేయి ఉంది.

ఎంత సేపు పడుతుంది?

ఎండ బాగా ఉండి ఆకు నుంచి నీరు ఆవిరవుతున్నప్పుడు దారువులోకి చేరింది గంటల్లో ఆకుకు అందుతుంది. ఆలస్యం దారిలో లేదు, తయారీలో ఉంది. ఆకు గాయపడ్డాక ఆ కబురు వేరుకు చేరడానికి రెండు మూడు గంటలు చాలు. కానీ ఆ కబురు అందుకుని ఎంజైములు పెరిగి, నికోటిన్ తయారై, ఆకుల్లో బాగా పేరుకోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. తల తుంచిన మర్నాడే ఆకు పరీక్ష చేయించి తేడా లేదనుకోవడం తొందరపాటు.

ఆకుకు చేరిన నికోటిన్ మళ్లీ వేరుకు దిగుతుందా?

లెక్కలోకి వచ్చేంత కాదు. ఆకు నుంచి కిందికి దిగేవి పోషక కణజాలం ద్వారా చక్కెరలు, వాటితోపాటు జాస్మోనేట్, ఆక్సిన్ లాంటి హార్మోన్ల కబుర్లు. సరుకు పైకి, కబురు కిందికి. పొగాకు పద్ధతి ఇది.

అన్ని మొక్కలూ ఇలాగే నడుస్తాయనుకోకండి. లూపిన్ పప్పుజాతి మొక్కల్లో ఆల్కలాయిడ్లు ఆకుల్లో, హరితరేణువుల్లో తయారై పోషక కణజాలం ద్వారా గింజలకు వెళ్తాయి. సెనీషియో జాతి మొక్కల్లో వేరులోనే తయారవుతాయి కానీ ఎన్-ఆక్సైడ్ (నత్రజనికి ఆక్సిజన్ తగిలిన) రూపంలో, దారువులో కాకుండా పోషక కణజాలంలో పైకి ఎక్కుతాయి. వేరులో పుట్టేదంతా నీళ్లతోనే ఎక్కుతుందని పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

తల తుంచితే ఆకు ఘాటు ఎందుకు పెరుగుతుంది?

మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. మొదటిది, కొన మొగ్గ నుంచి వేరు వైపు దిగే ఆక్సిన్ ఆగిపోతుంది. ఆక్సిన్ నికోటిన్ తయారీని అణచి ఉంచుతుంది. తుంచిన చోట కృత్రిమ ఆక్సిన్ పూస్తే నికోటిన్ పెరుగుదల తగ్గడమే దీనికి రుజువు. రెండోది, తుంచిన గాయం వల్ల జాస్మోనేట్ పెరుగుతుంది. వేరులో జాజ్ అనే అణచివేత ప్రోటీన్లు విచ్ఛిన్నమై, మైక్2, ఈఆర్ఎఫ్189 లాంటి నియంత్రక ప్రోటీన్లు పీఎంటీ వగైరా జన్యువులను లేపుతాయి. మూడోది, పూతకూ గింజకూ పోవాల్సిన చక్కెర వేరుకు మళ్లి కొత్త పిల్లవేళ్లు వస్తాయి. పైన చెప్పినట్టు, పిల్లవేరంటే తయారీ కేంద్రమే.

పూత బాగా విచ్చుకుని కాయ పడేదాకా తుంచకుండా ఉంచితే ఈ మూడూ ఆలస్యమవుతాయి. ఆకు పలచగా, బరువు లేకుండా, ఘాటు లేకుండా వస్తుంది. చేలో మొక్కలు సమానంగా లేకపోతే ఒకే రోజు అన్నిటినీ తుంచడం కంటే, మొగ్గ కనపడి మొదటి పూలు విచ్చే దశను చూసుకుని నాలుగైదు రోజుల తేడాతో రెండు విడతలుగా తుంచడం మేలు. మరీ కిందికి, తక్కువ ఆకులు వదిలి తుంచితే ఇంకో ఇబ్బంది: వేరు పంపే నికోటిన్ కొద్ది ఆకులకే పంచాల్సి వచ్చి పై ఆకులు మితిమీరిన ఘాటుతో, మందంగా, ముదురు రంగుకు తిరుగుతాయి. కొనుగోలుదారులు అలాంటి ఆకును ఇష్టపడరు.

తల తుంచాం, కానీ పిలకలు వదిలేశాం. ఏమవుతుంది?

తుంచిన లాభం చాలావరకు పోతుంది. ప్రతి పిలకకూ ఒక కొన మొగ్గ ఉంటుంది, అది మళ్లీ ఆక్సిన్ పంపుతుంది. వేరు నుంచి వచ్చే నికోటిన్‌లో, నత్రజనిలో పిలక ఆకులు తమ వాటా లాగేసుకుంటాయి.

పిలకలను మాడ్చే మందు డెకనాల్ వాడేవారు లీటరు నీటికి 40 మి.లీ. చొప్పున, అంటే 4 శాతం ద్రావణం కలిపి, మొక్కకు 10 నుంచి 15 మి.లీ. పైనుంచి పోస్తారు. వెయ్యి మొక్కలకు 10 నుంచి 15 లీటర్ల ద్రావణం కావాలి. ఇది తాకిన మొగ్గనే మాడుస్తుంది, మొక్క లోపలికి పాకి పనిచేసేది కాదు. అందుకే పొరపాట్లన్నీ తాకకపోవడం దగ్గరే జరుగుతాయి. మొక్క ఒక పక్కకు వాలి ఉంటే ద్రావణం ఆ పక్క నుంచే జారి, అవతలి ఆకు చంకలు పొడిగా మిగిలిపోతాయి. ముందు నిటారుగా నిలబెట్టి పోయాలి. పిలక అంగుళం దాటితే మాడదు, వాడి మళ్లీ లేస్తుంది. అలాంటివి ముందు చేత్తో తీసేయాలి. మంచు తడి మీద పోస్తే పలచబడుతుంది. చిక్కగా కలిపితే ఆకు చంక, కాండం కాలి, అక్కడ కుళ్లు పట్టి ఆకు రాలుతుంది. కలిపాక పాలలాగా తెల్లగా ఉండాలి. నూనె తెట్టు పైకి తేలితే బాగా కలియబెట్టకుండా పోయకండి. డబ్బా మీది మోతాదు వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

కింది ఆకులో తక్కువ, పై ఆకులో ఎక్కువ ఎందుకు ఉంటుంది?

కింది ఆకులు పెరిగి ముదిరే నాటికి వేరు ఇంకా చిన్నది, తల తుంచలేదు. పై ఆకులు మాత్రం వేరు పూర్తిగా విస్తరించి, తల తుంచాక తయారీ ఉధృతంగా ఉన్న వారాల్లో మొక్క మీదే ఉంటాయి. పైగా కింది ఆకులు కొట్టేసిన కొద్దీ వేరు పంపేదంతా మిగిలిన ఆకులకే చేరుతుంది. ఫ్లూ క్యూర్డ్ వర్జీనియాలో నికోటిన్ సాధారణంగా 1 నుంచి 3 శాతం మధ్య ఉంటుంది. ఒకే మొక్క మీద అట్టడుగు ఆకు ఆ పరిధిలో కింది కొసన, కొన ఆకు పై కొసన ఉండటం మామూలే. కింది ఆకునూ పై ఆకునూ కలిపి ఒకే నమూనాగా పరీక్షకు పంపితే వచ్చే అంకెకు అర్థం లేదు. కోతల వారీగా పంపండి.

యూరియా ఎక్కువ వేస్తే ఘాటు పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ ఆకు చెడుతుంది. లెక్క చూడండి. ఎకరాకు 700 కిలోల ఎండుటాకు, సగటున 2 శాతం నికోటిన్ అనుకుంటే ఎకరం ఆకులో ఉన్నది 14 కిలోల నికోటిన్. అందులో నత్రజని 2.4 కిలోలే. నికోటిన్ కోసం మొక్కకు బస్తాలకు బస్తాలు అక్కర్లేదు. మిగిలిన నత్రజని ఆకులో ప్రోటీనుగా, నైట్రేటుగా నిలబడుతుంది. ఆకు పండదు, బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే, అంటే క్యూరింగ్ చేసే గదిలో) పసుపు తిరగక పచ్చగా ఉండిపోతుంది, చక్కెర తగ్గుతుంది. ఆలస్యంగా, తల తుంచే ముందు వేసిన నత్రజని ఎక్కువ చేటు చేస్తుంది. అప్పుడే వేరు తయారీ పెరుగుతుంది కాబట్టి నత్రజని నేరుగా పై ఆకుల ఘాటులోకి పోతుంది.

పొటాష్ విషయంలో ఒక మాట. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పొగాకుకు పనికిరాదు, అందులోని క్లోరైడు కూడా నీటితోపాటే ఆకుకు ఎక్కి కూర్చుంటుంది, ఆకు సరిగా కాలదు. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. తీరం వైపు ఉప్పు బోరు నీళ్లున్నవాళ్లు ఎరువు జాగ్రత్తగా ఎంచుకుని అదే చేనుకు ఉప్పునీరు పెడితే ఏం లాభం? ముందు నీటి పరీక్ష చేయించాలి.

తుఫాను వాన తర్వాత ఆకు చప్పబడుతుంది. వాన కడిగేస్తుందా?

ఆకు పైనుంచి కొంత కడిగినా, అసలు దెబ్బ కింద తగులుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, నవంబరు డిసెంబరుల్లో, చేలో నీళ్లు నిలిస్తే వేరు కొనలకు గాలి అందదు. నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ. మొదట చచ్చేవి పిల్లవేళ్లే. వాటితోపాటు నికోటిన్ తయారీ కుంటుపడుతుంది. నైట్రేటు కూడా కిందికి దిగిపోతుంది. ఆ తర్వాత ఆకు పెరుగుదల కోలుకున్నా, కొత్త పిల్లవేళ్లు వచ్చేదాకా పెరిగిన ఆకుకు తగిన నికోటిన్ అందదు, పలచబడుతుంది. వాన ఆగిన రోజే కాలువలు తీసి నీళ్లు బయటికి పంపాలి. పదును రాగానే పైపైన అంతరకృషి చేయాలి. లోతుగా గుంటక తోలితే మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి.

బెట్టలో దీనికి విరుద్ధం. ఆకు చిన్నదై, తక్కువ ఆకులో ఎక్కువ నికోటిన్ చిక్కబడుతుంది. ఎర్ర గరప నేలల్లో ఫిబ్రవరిలో బెట్టకొచ్చిన చేల పై ఆకు ఘాటుగా ఉండటానికి కారణం ఇదే.

పురుగు కొరికితే మొక్క నిజంగా నికోటిన్ పెంచుతుందా?

పెంచుతుంది. ఆకు నమిలే పురుగు గాయం చేస్తే జాస్మోనేట్ పుట్టి, కబురు వేరుకు పోయి, నాలుగైదు రోజుల్లో ఆకుల్లో నికోటిన్ పెరుగుతుంది. అమెరికా ఎడారుల్లో పెరిగే అడవి పొగాకు నికోటియానా అటెన్యుయేటా మీద దీన్ని బాగా చదివారు. కానీ లద్దె పురుగును ఇది ఆపుతుందని మందు కొట్టకుండా కూర్చోవద్దు. పొగాకు మీద బతకడం నేర్చుకున్న పురుగులు నికోటిన్‌ను తట్టుకుంటాయి, బయటికి విసర్జిస్తాయి. పేనుబంక సంగతి వేరు. అది పోషక కణజాలంలో ముక్కు గుచ్చి చక్కెర రసం తాగుతుంది. నికోటిన్ ప్రధానంగా ఎక్కేది దారువులో కాబట్టి పేనుబంక దాని బారి నుంచి కొంత తప్పించుకుంటుంది.

బ్యారన్‌లో నికోటిన్ ఆవిరైపోతుందా?

చాలావరకు ఆకులోనే ఉంటుంది. రిక్తికల్లో ఆమ్లాలతో లవణంగా ఉన్న నికోటిన్ అంత తేలిగ్గా ఆవిరి కాదు. గమనించాల్సింది రూపం మారడం. ఆకు పండే దశలో, క్యూరింగ్ మొదట్లో ఆకు కణాలు ఇంకా బతికి ఉండగా, సీవైపీ82ఈ4 అనే ఎంజైము నికోటిన్‌లోని మిథైల్ గుంపును తీసి నార్‌నికోటిన్ చేస్తుంది. అంటే వేరు పంపిన సరుకును ఆకు తన దగ్గర మార్చుకుంటుంది. నార్‌నికోటిన్ నుంచి ఎన్‌ఎన్‌ఎన్ అనే క్యాన్సర్ కారకం ఏర్పడుతుంది కాబట్టి, ఈ మార్పు ఎక్కువగా జరిగే మొక్కలను విత్తనోత్పత్తిలో ఏరిపారేస్తారు. సొంత విత్తనం కట్టుకునే అలవాటు మానాలని చెప్పడానికి ఇదొక గట్టి కారణం. ఏరివేత లేకుంటే తరతరానికీ అలాంటి మొక్కలు పెరుగుతాయి.

తడి ఆకు కొట్టిన కూలీలకు వాంతులు ఎందుకవుతాయి?

నికోటిన్ నీటిలో కరుగుతుంది, చర్మం గుండా లోపలికి పోతుంది. మంచు పట్టిన ఆకును చంకలో పెట్టుకుని మోస్తే చొక్కా తడిసి, గంటల తరబడి చర్మానికి నికోటిన్ నీళ్ల పట్టీ వేసినట్టే అవుతుంది. తల తిరగడం, వికారం, వాంతులు, తలనొప్పి, చెమటలు, నీరసం వస్తాయి. వడదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చి మళ్లీ అదే తడి బట్టలతో చేలోకి పంపడం తరచుగా జరిగే పొరపాటు.

మంచు ఆరాక ఆకు కొట్టడం మొదలుపెట్టాలి. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, మోసేచోట ప్లాస్టిక్ పట్టా ఉండాలి. తడిసిన బట్టలు వెంటనే మార్చి సబ్బుతో కడుక్కోవాలి. పిల్లల్నీ గర్భిణుల్నీ ఈ పనికి పెట్టకూడదు. ఊపిరి అందకపోయినా, గుండె దడ, సోలిపోవడం ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి పచ్చి పొగాకు పనిలో ఉన్నారని చెప్పండి.

అంటు వంగ, అంటు టమాటా నారు కొంటున్నాం. వేరు మొక్క విషం కాయకు ఎక్కుతుందా?

ఏ వేరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నర్సరీల్లో వంగకూ టమాటాకూ ఉస్తి వంగ వేరునో, రోగాలను తట్టుకునే టమాటా, వంగ రకాల వేళ్లనో వాడతారు, వాటితో భయం లేదు. ఉమ్మెత్త వేరు మీద టమాటా అంటుకట్టడం మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది. గట్టి వేరు, బెట్టకు ఆగుతుంది, రోగాలు రావు అని చూసి కొందరు ప్రయత్నిస్తారు. ఉమ్మెత్త ఆల్కలాయిడ్లు వేరులో తయారై దారువులో ఎక్కి టమాటా కాయకు చేరతాయి. అమెరికాలోని టెనెస్సీలో ఇలాంటి టమాటాలు తిని ఒక కుటుంబం విషప్రభావానికి గురైంది. కాయ రంగులో, రుచిలో తేడా తెలియదు. పొగాకు వేరు మీద కట్టిన టమాటా కూడా తినకూడదు.

ఉమ్మెత్తలోనూ పొగాకు పద్ధతేనా?

చాలావరకు. ఉమ్మెత్త ఆల్కలాయిడ్లైన హయోసయమిన్, స్కోపోలమిన్ వేరులోనే పుడతాయి. తేడా ఏమిటంటే తయారీలో కీలకమైన మెట్లు పరిచక్రం అనే పొరలో జరుగుతాయి. అది దారువును ఆనుకునే ఉంటుంది. కాస్పేరియన్ పట్టీ (వేరు లోపలి గొట్టాల చుట్టూ నీరు చొరనివ్వని అడ్డు) అవతలి వైపు నుంచి దాటుకుని రావాల్సిన అవసరం లేదు, తయారైన చోటు నుంచి గొట్టం పక్కనే.

బిళ్ళగన్నేరు మందు మొక్క కదా, దాంట్లో వేరు నుంచి ఆకుకు వెళ్తాయా?

ఇక్కడ కథ పూర్తిగా వేరు. బిళ్ళగన్నేరు, అంటే ఇళ్ల ముందు పూసే నిత్యకల్యాణి, వేరుకూ ఆకుకూ విడివిడి ఖాతాలు పెట్టుకుంటుంది. అజ్మాలిసిన్, సర్పెంటిన్ అనే ఆల్కలాయిడ్లు వేరులో ఎక్కువగా ఉంటాయి. విండోలిన్ అనే ఇంకో ఆల్కలాయిడ్ ఆకులోనే తయారవుతుంది, ఎందుకంటే దాని చివరి మెట్లు వెలుతురు తగిలే భాగాల్లోనే జరుగుతాయి. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ కావాలంటే విండోలిన్, కాథరాంథిన్ అనే రెండు ఆల్కలాయిడ్లూ కలవాలి.

దూర ప్రయాణం లేకపోయినా, ఆకు లోపల కణం నుంచి కణానికి జరిగే రవాణా పొగాకు కంటే చిక్కుగా ఉంటుంది. మొదటి మెట్లు ఈనెల్లో పోషక కణజాలం పక్క కణాల్లో జరుగుతాయి. అక్కడ తయారైన లోగానిక్ ఆమ్లం బాహ్యచర్మ కణాలకు వెళ్తుంది. ఆ కణాల రిక్తికలో, ఈ ఆల్కలాయిడ్లన్నిటికీ మూలమైన స్ట్రిక్టోసిడిన్ తయారవుతుంది. అది రిక్తికలోంచి బయటికి రావడానికి ఎన్‌పీఎఫ్2.9 అనే వాహకం కావాలి. 2017లో దాన్ని గుర్తించారు. కాథరాంథిన్‌ను టీపీటీ2 అనే వాహకం ఏకంగా ఆకు పైన మైనపు పొరలోకి తోసేస్తుంది. విండోలిన్ మాత్రం ఆకు లోపలి పాలనాళాల్లో, ప్రత్యేక కణాల్లో పూర్తవుతుంది. ఆకును నలపకుండా కొద్దిసేపు క్లోరోఫాంలో ముంచి తీస్తే కాథరాంథిన్ ద్రావణంలోకి వస్తుంది, విండోలిన్ ఆకులోనే ఉండిపోతుంది. కలవాల్సిన రెండూ ఒకే ఆకులో వేర్వేరు గదుల్లో ఉన్నాయన్నమాట. గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావలసి రావడానికి ఇదొక ముఖ్య కారణం.

మిరప ఘాటు, బంగాళాదుంప చేదు కూడా వేరు నుంచేనా?

లేదు. మిరప కారం కాయలోనే, గింజలు అంటుకునే తెల్లటి ఈనె కణజాలంలో పుడుతుంది. వేరు మార్చినంత మాత్రాన తియ్య మిరప కారం కాదు. బంగాళాదుంప ఆకులో సోలనిన్ అనే చేదు ఆల్కలాయిడ్ ఉన్నా అది దుంపకు దిగదు. దుంప ఎండ తగిలి పచ్చబడితే అక్కడికక్కడే తయారుచేసుకుంటుంది. సుబాబుల్ మేపితే మేకల వెంట్రుకలు ఊడటం గురించి ఈ వరసలోనే అడుగుతుంటారు. దానికి కారణం మిమోసిన్, అది ఆల్కలాయిడ్ కాదు, అమైనో ఆమ్లం.

పొగాకు తుక్కు, కాడలు ఆకుకూరల మడిలో ఎరువుగా వేయొచ్చా?

పచ్చిగా వేయకండి. నేలలోకి దిగిన నికోటిన్‌ను పొగాకు కాని మొక్కలు కూడా వేరుతో పీల్చుకుంటాయి. నేల మీద సిగరెట్ తుక్కు చల్లిన మడిలో పుదీనా లాంటి మొక్కల ఆకుల్లో నికోటిన్ బయటపడింది. దారి అదే: వేరు, దారువు, ఆకు. కుప్ప వేసి, తడిపి, నెలకోసారి తిరగేస్తూ పూర్తిగా మాగనిస్తే నేలలోని బాక్టీరియా నికోటిన్‌ను తినేస్తుంది. అప్పుడు కూడా మిరప, టమాటా, వంగ మడులకు వాడకండి. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండుకాడల్లో చాలాకాలం బతికి ఉంటుంది.

కాలేజీ ల్యాబ్‌లో ఇదంతా చూపించడానికి తేలిక మార్గం ఉందా?

ఖరీదైన యంత్రాలు లేకుండా రెండు పనులు చేయొచ్చు.

మొదటిది దారువు రసం పట్టడం. కుండీలో రెండు నెలల పొగాకు మొక్కకు సాయంత్రం నిండా నీళ్లు పెట్టండి. తెల్లవారుజామున, ఎండ రాకముందే, మట్టికి 8 నుంచి 10 సెం.మీ. ఎత్తులో కొత్త బ్లేడుతో కాండం కోయండి. కోసిన చోటును శుద్ధజలంతో తడిపిన దూదితో తుడిచి, మొదటి పదిహేను నిమిషాల రసం పారేయండి. అందులో తెగిన కణాల రసం కలిసి ఉంటుంది. తర్వాత 5 సెం.మీ. రబ్బరు గొట్టం బిగించి, ఊరిన రసాన్ని గంటకోసారి పిపెట్‌తో తీయండి. 3 మి.లీ. పోగైతే చాలు. ఇందులో నికోటిన్ పలచగా ఉంటుంది, చిక్కబరచాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: నేరుగా వేడిచేస్తే ఆవేశం లేని నికోటిన్ ఆవిరితో పాటు పోతుంది. ముందు 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి, నీటి తొట్టె మీద ఐదో వంతుకు ఇగర్చండి.

పరీక్షకు వాగ్నర్ కారకం (ఆల్కలాయిడ్ ఉంటే మడ్డి కట్టే అయోడిన్ ద్రావణం) చాలు. 1.27 గ్రా. అయోడిన్, 2 గ్రా. పొటాషియం అయోడైడు కొద్ది నీటిలో కరిగించి 100 మి.లీ. చేయండి. రసంలో రెండు చుక్కలు వేస్తే ఎర్రటి గోధుమరంగు మడ్డి లేదా మసక రావాలి. పక్కన పొద్దుతిరుగుడు దారువు రసాన్ని పోలికకు పెట్టుకోండి. ఆకు, వేరు పొడులకైతే ఒక్కో గ్రాముకు 10 మి.లీ. ఆ ఆమ్ల ద్రావణం పోసి, గోరువెచ్చగా పావుగంట ఉంచి, వడకట్టి చూడండి. ప్రోటీన్లు కూడా మడ్డి కడతాయి, కాబట్టి వడపోత తేటగా లేకపోతే ఫలితం నమ్మకండి.

రెండోది డాసన్ అంటు. పొగాకు నారు నిదానంగా పెరుగుతుంది, దాన్ని టమాటా కంటే మూడు నాలుగు వారాలు ముందు పోయాలి. రెండు కాండాలూ 3 మి.మీ. లావుకు వచ్చాక పొగాకును అడ్డంగా కోసి, మధ్యలో సెంటీమీటరు లోతు చీల్చి, చీలిక ఆకారంలో చెక్కిన టమాటా కొమ్మ దించి క్లిప్పు పెట్టండి. వారం పాటు నీడలో, ప్లాస్టిక్ సంచి కప్పి, లోపల తేమ తగ్గకుండా ఉంచి, తర్వాత సంచిని రోజుకు కొంచెం తెరవండి. ఒంగోలు వేసవిలో ఇది నిలవదు, నవంబరు జనవరి మధ్య పెట్టుకోండి. అంటు దగ్గర మట్టి ఎగదోయకండి. టమాటా కాండానికి మట్టి తగిలితే సొంత వేళ్లు దించుతుంది, ఆకులో నికోటిన్ పలచబడి ఫలితం తారుమారవుతుంది. పొగాకు మొదలు నుంచి వచ్చే పిలకలు ఎప్పటికప్పుడు గిల్లేయాలి. నెల తర్వాత, అంటు కట్టాక కొత్తగా వచ్చిన ఆకునే పరీక్షకు తీసుకోండి. మామూలు టమాటా ఆకు వడపోతను పక్కన పెట్టి చూడాలి. టమాటా ఆకులో టమాటిన్ అనే సొంత ఆల్కలాయిడ్ ఉంటుంది, వాగ్నర్‌కు అది కూడా కొంత మసక ఇవ్వొచ్చు. పరీక్ష అయ్యాక ఆ మొక్కలనూ కాయలనూ గొయ్యి తీసి పూడ్చండి, పశువుల పాకలో పడేయవద్దు.